కిరాయి ఇంట్లో స్లాబు ఉరుస్తోంది: మరమ్మతు ఎవరు చేయించాలి?

ప్రశ్న (బాలసముద్రం కిరాయిదారు)

నమస్కారం. హనుమకొండ బాలసముద్రంలో ఒక పాత ఇంటి పై అంతస్తులో మేము నాలుగేళ్ళుగా కిరాయికి ఉంటున్నాము. ఈ వానాకాలం మొదలైనప్పటి నుండి పడకగది స్లాబు ఒక మూల ఉరుస్తోంది, పెచ్చులు ఊడి మంచం మీద పడుతున్నాయి, ఆ గోడకున్న స్విచ్చు బోర్డును తాకితే ఒకసారి షాక్ కూడా కొట్టింది. యజమాని హైదరాబాదులో ఉంటారు. మనిషి మంచివారే, ఫోను ఎత్తుతారు, కాని ప్రతిసారీ దసరాకు వచ్చినప్పుడు చూద్దామంటారు. కిరాయి కాగితం 11 నెలలకు ఒక్కసారి రాసుకున్నదే, అందులో మరమ్మతుల ముచ్చటే లేదు. నేనే చేయించి ఆ ఖర్చును కిరాయిలో పట్టుకోవచ్చునా? హసన్‌పర్తి వైపు ఒక పాత ఇల్లు అమ్మకానికి ఉంది, సొంతిల్లయితే ఈ బతిమిలాట తప్పుతుందని నా భార్య అంటోంది. రెండు విధాలుగానూ ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (న్యాయవాద వృత్తిలో ఉన్నవారు)

కిరాయిలో పట్టుకోవచ్చునని చాలామంది సులభంగా చెబుతారు గాని, చట్టం అంత సులభంగా చెప్పలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించవలసిన బాధ్యత ఉన్న మరమ్మతును, నోటీసు ఇచ్చిన తరువాత తగిన సమయంలో ఆయన చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయి నుండి మినహాయించుకోవచ్చు. చిక్కు అంతా ఆ ‘బాధ్యత ఉన్న’ అనే మాటలోనే ఉంది, ఎందుకంటే ఆ బాధ్యత ప్రధానంగా కాగితంలో రాసుకున్న షరతు వల్ల వస్తుంది, మీ కాగితంలో ఆ షరతు లేదు. అందువల్ల ముందుగా ఫొటోలు, మేస్త్రి చెప్పిన అంచనా జతచేసి యజమానికి రాతపూర్వకంగా పంపండి, వాట్సాప్‌లోనైనా సరే ‘చేయించండి, కిరాయిలో తీసివేసుకోండి’ అనే ఒక్క మాట ఆయన నుండి రాయించుకోండి, ఆ తరువాతే మేస్త్రిని పిలవండి. గడువు తీరిన 11 నెలల కాగితంతో కిరాయి కడుతూ ఉంటున్నవారిని సాధారణంగా నెలవారీ కిరాయిదారులుగానే చూస్తారు కాబట్టి, గొడవకు దిగితే ఇల్లు ఖాళీ చేయమనే నోటీసే మొదట రావచ్చు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఈ పంపకం స్పష్టంగానే ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, పైపులు మార్చడం, వైరింగు యజమానివి. నల్లా వాషర్లు, మోరీ శుభ్రం, స్విచ్చులు, తాళాలు, గీజరు మరమ్మతు కిరాయిదారువి. అది రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తించే నమూనా మాత్రమే, అయినా కొత్త కాగితం రాసుకునేటప్పుడు ఆ జాబితానే ఎత్తి రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జవాబు 2 (కాజీపేట ఇంటి యజమాని)

నేను పదేళ్ళు నయీంనగర్‌లో కిరాయికి ఉండి, తరువాత కాజీపేటలో పాత ఇల్లు కొనుక్కున్నవాణ్ణి, ఇప్పుడు కింది భాగం కిరాయికి ఇస్తున్నాను కూడా. మీ భార్య గారు చెప్పినట్లు బతిమిలాట తప్పిన మాట నిజమే. అయితే కొన్న మొదటి వానాకాలంలోనే మా స్లాబు ఉరిసింది, మేస్త్రి మాట విని పైన వాటర్‌ప్రూఫ్ రంగు రెండుసార్లు కొట్టించాను, రెండుసార్లూ ఉరిసింది. మూడోసారి వేరే మేస్త్రి వచ్చి రంగు డబ్బా మూత తీయకుండానే, వాన లేని రోజుల్లో కూడా తడి ఉంటుందా అని అడిగాడు. ఎండాకాలంలో పొడిగా ఉండి వానకే తడిస్తే లోపం స్లాబు మీద ఉంటుందని, ఏడాది పొడుగునా చెమ్మగా ఉంటే పైపులోనో ట్యాంకులోనో ఉంటుందని వివరించాడు. తరువాత వాననీటి గొట్టం మూతికి గుడ్డ కుక్కి, స్లాబు మీద ఒక రోజంతా నీళ్ళు నిలిపి చూశాము. గుడ్డ తీసినా నీళ్ళు కదలలేదు. గొట్టంలో వేపాకు పేరుకుని, ప్రతి వానకూ నీళ్ళు అక్కడే నిలిచి పిట్టగోడ మొదట్లోని పగులులోకి దిగుతున్నాయని తేలింది. గొట్టం బాగుచేసి, పగులు తెరిచి సిమెంటుతో గుండ్రంగా మూయించాము, ఆపైన ఉరవలేదు. అంతకు ముందు పెట్టిన రంగు డబ్బులు నావే పోయాయి, కిరాయిదారుగా ఉన్నట్లయితే కనీసం ఆ తప్పు వేరొకరి జేబు నుండి పోయేది.

మీ యజమాని దసరా అనడం వట్టి వాయిదా కాకపోవచ్చు, తడి స్లాబు మీద ఆ పని నిలవదు, వానలు తెరిపి ఇచ్చిన తరువాతే చేయించాలి. కాని గొట్టం శుభ్రం చేయించడానికి దసరా అక్కరలేదు, అది ఈ రోజే ఒక మనిషిని పెట్టి చేయించండి. ఇంకొక మాట: కిరాయి ఆదాయం మీద పన్ను లెక్కలో మరమ్మతులకు ఖర్చు పెట్టినా పెట్టకపోయినా మాకు 30 శాతం మినహాయింపు వస్తుంది, ఈ సంగతి మీ యజమానికి మర్యాదగా గుర్తుచేయవచ్చు.

జవాబు 3 (ఎలక్ట్రీషియన్)

స్లాబు ఆగుతుంది గాని షాక్ ఆగదు. మెయిన్ బోర్డులో ఆ గదికి వెళ్ళే కరెంటును ఆపే స్విచ్చును (ఎంసీబీ) ఇప్పుడే దించివేయండి, గోడ పూర్తిగా ఆరేదాకా ఎత్తవద్దు. ఎర్తింగ్ చూపించి, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను తానే ఆపేసే స్విచ్చు, పెట్టించండి. ఎవరు కట్టాలన్నది తరువాత తేల్చుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారి నుండి

అందరికీ ధన్యవాదాలు. ఎంసీబీ దించి పిల్లలను ముందు గదిలోకి మార్చాము. ఫొటోలు, అంచనా పంపిన సాయంత్రమే యజమాని ఆర్‌సీసీబీకి, గొట్టానికి ఒప్పుకుంటూ రాశారు, స్లాబు పని మాత్రం దసరాకేనన్నారు, దానికి నేనూ ఒప్పుకున్నాను. మొన్న వాన వెలిసిన తెల్లారి హసన్‌పర్తి ఇంటిని కూడా చూసి వచ్చాము. పిట్టగోడ పగులులో రావి మొక్క మొలిచి ఉంది, సరిగ్గా దాని కింది గదికి మాత్రమే కొత్తగా రంగు వేసి ఉంది. బేరం అక్కడితో ఆపి, కాజీపేట వారికి దొరికిన ఆ మేస్త్రి మాకు కూడా దొరుకుతారేమో అడుగుదామని ఇది రాస్తున్నాను.