సమస్యాపూరణం: "నాలుగన్న మూడె నమ్ముడయ్య"

మిత్రులందరికీ నమస్కారం. ఇచ్చిన పాదంతో ముగిసేలా మిగతా పద్యం రాయడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది అనే పద్యంలో నాలుగో పాదం:

"నాలుగన్న మూడె నమ్ముడయ్య"

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురువులు, లఘువులు, అంటే బరువైన, తేలికైన అక్షరాల కూర్పు). సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలవడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాసనియమం (అన్ని పాదాల రెండో అక్షరాలు కలవాలన్నది) లేదు, ప్రాసయతి (యతికి బదులు పాదం రెండో అక్షరం, యతిస్థానం తర్వాతి అక్షరం కలవడం) చెల్లుతుంది. పదాల్లో ఎన్ని అక్షరాలున్నాయన్నదే ఇతివృత్తంగా పూరించండి. 'నమః శివాయ' పంచాక్షరి అయింది, 'ఓం నమో నారాయణాయ' అష్టాక్షరి అయింది. అక్షరాల లెక్కతోనే పేరు పెట్టే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది.

మొదటి పూరణ

లెక్క పెట్టి చూడ లిపులను పదమున
రెండు పదములోన రెండె గలవు;
ఒకటి లోన మూడు నొప్పుగా నుండును;
నాలుగన్న మూడె నమ్ముడయ్య!

*వ్యాఖ్య:* విరుపు బాగా దొరికింది. ఒకటి నుంచి పది దాకా చూస్తే, తన పేరులో తన విలువకు సరిపడా అక్షరాలున్నది 'రెండు' ఒక్కటే. దాన్ని పట్టుకున్నందుకు అభినందనలు. అయితే 'లిపులు' యతి కోసం వచ్చిన మాట. లిపి అంటే రాసే తీరు. మీరు లెక్కపెడుతున్నది అక్షరాలను. "అక్షరాల లెక్క నారసి చూచిన" అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ సూటిగా ఉంటుంది. మూడో పాదంలో 'ఒప్పుగా' కూడా యతి కోసమే, అర్థానికి ఏమీ కలపలేదు.

*ఒక కొత్త సభ్యుడి ప్రశ్న:* గురువుగారూ, 'రెండు'లో సున్నను విడిగా లెక్కపెట్టకూడదా?

*జవాబు:* కూడదు నాయనా. సున్న, విసర్గ, పొల్లు ముందున్న అక్షరంలో భాగమే. అవి దాన్ని గురువు చేస్తాయి కానీ కొత్త అక్షరం కావు. 'వాక్' అంటే ఒకటే, 'వాక్కు' అంటే రెండు. ఒత్తులు ఎన్ని పడ్డా అంతే: 'స్త్రీ'లో మూడు హల్లులున్నా అక్షరం ఒక్కటే.

రెండో పూరణ

ఒత్తు లెన్ని యున్న నొకటిగా లెక్కింత్రు
తొమ్మిదన్న మూడె తోచు గాదె
ఎంత పెద్ద దైన నెనిమిదన్నను నాల్గు
నాలుగన్న మూడె నమ్ముడయ్య!

*వ్యాఖ్య:* పై జవాబును అందిపుచ్చుకున్నారు, సంతోషం. ఎనిమిదిలో నాలుగు, నాలుగులో మూడు అంటూ మెట్లు దిగడం నాకెంతో నచ్చింది. ఇంకో మెట్టు దిగితే మూడులో రెండు, రెండులో రెండు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరికి రెండు దగ్గరే ఆగుతాం. పదకొండుతో ప్రయత్నించి చూడండి.

కానీ ఇక్కడ ఒక పెద్ద లోపం ఉంది. మూడో పాదంలో 'నాల్గు' అన్నారు. పద్యాల్లో వాడుకే, తప్పు లేదు. అయితే దానికి రెండే అక్షరాలు! అక్షరాలు లెక్కపెట్టే పద్యంలో అదే మాటను రెండు రూపాల్లో వాడితే మెట్టు విరిగిపోతుంది.

*కవి సవరణ:* నిజమే అన్నయ్యగారూ. మూడో పాదం "ఎనిమిదన్న మాట కెంచిన నాలుగె" అని మారుస్తున్నాను.

*వ్యాఖ్య:* ఇప్పుడు పద్యం నిలబడింది.

మూడో పూరణ

ఒక్క యక్షరాన నొప్పును రా, పోలు
అమ్మ నాన్న రెండు అందమగును
తెలుగు నందు మూడు తేటగా గన్పించు
నాలుగన్న మూడె నమ్ముడయ్య!

*వ్యాఖ్య:* భావంలో ఈ వారం దీనికే నా ఓటు. ఒకటి, రెండు, మూడు అంటూ వస్తుంటే నాలుగక్షరాల మాట ఏదో వస్తుందని ఎదురుచూస్తాం. అక్కడ 'నాలుగు' అనే మాటే వచ్చి మూడుతో సరిపెట్టింది! సమస్యను అతికించినట్టు కాక, పద్యమే అక్కడికి నడిచి వచ్చినట్టుంది. రెండో పాదంలో మాత్రం 'రెండు అందము' విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. ఉకారానికి అచ్చు పరమైతే సంధి నిత్యం. "అమ్మ నాన్న లందు నలరు రెండు" అనండి చెల్లెమ్మా, గణాలూ యతీ రెండూ కుదురుతాయి.

నాలుగో పూరణ

మాత్ర లెంచి చూడ మాటలో నాలుగె
గురువు మొదట, లఘులు కూడె రెండు
అక్షరముల లెక్క నడిగిన వారికి
నాలుగన్న మూడె నమ్ముడయ్య!

*వ్యాఖ్య:* ఈ కోణం ఎవరైనా తీసుకోవాలని ఆశపడ్డాను. 'నాలుగు' భగణం, అంటే ఒక గురువు, తర్వాత రెండు లఘువులు. మాత్ర అంటే లఘువును పలికే కాలం; గురువుకు రెండు మాత్రలు, లఘువులకు ఒక్కొక్కటి, మొత్తం నాలుగు. అంటే నోటితో పలికే కాలంలో 'నాలుగు' నిజంగానే నాలుగు, అక్షరాల్లోనే మూడు. ఒకే మాటను రెండు కొలతలతో కొలిచి, సమస్యలోని విరోధాన్ని ఛందస్సుతోనే పరిహరించారు. తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. 'తొమ్మిది' కూడా భగణమే, నాలుగు మాత్రలే. కానీ దాని విలువతో అది కలవదు. పది లోపు మాత్రల లెక్కలో తమ పేరుకు తాము సరిపోయేవి మూడు, నాలుగు మాత్రమే.

ఆ మాట మీదే వచ్చే వారం సమస్య. 'మాత్రము'ను ఎలా విరుస్తారో మీ ఇష్టం:

"మూడు మాత్ర మెపుడు మూడె యగును"