‘తల్లిని చూచి పిల్లను’ సామెతలో రెండో సగం: పాలా, పాడియా, పళ్లా?

మెట్టపొలం:
“తల్లిని చూచి పిల్లను, పాడి చూచి బర్రెను తెచ్చుకోవాలి” అని మా ఇంట పెద్దలు అనేవారు. ఇతరుల నోట ‘పాలు చూచి’ అని ఎక్కువగా వింటూ వచ్చాను. ఇటీవల ఒక పశువుల సంతలో వయసు మళ్లిన బేరగాడు ‘పళ్లు చూచి బర్రెను’ అని నిస్సంకోచంగా అనడంతో ఈ మాట నన్ను వదలడం లేదు. సామెత అర్థం అందరికీ తెలిసినదే కనుక దానిని వివరించవద్దని మనవి. ఈ మూడింటిలో మూలపాఠం ఏదై ఉంటుందన్నదే నా ప్రశ్న.

పద్యప్రియ:
చెవి పెట్టి వింటే ‘పళ్లు’ అనే పాఠమే నిలుస్తుంది. తల్లి, పిల్ల, పళ్లు అన్న మూడు మాటల్లోనూ రెండో అక్షరం ద్విత్వమే. ల-ళలకు అభేదం చెప్పిన లాక్షణికులున్నారు గనుక ప్రాస చెడదు. జనం నోట నానిన సామెతకు ఇంత చక్కని కూర్పు ఊరకే అమరదు. పళ్లు చూడడమన్న పని నేటివారికి పరిచయం తప్పి ‘పాలు’ అని సులువుగా మార్చుకొని ఉంటారు.

పాడిరైతు:
పద్యప్రియ గారూ, ప్రాస కుదిరినంత మాత్రాన బర్రె కుదరదు. పళ్లు వయసును చెబుతాయే గాని పాలను చెప్పవు. పొదుగు సైతం నమ్మదగిన సాక్షి కాదు. అమ్మేవాడు ఒక పూట పాలు పిండకుండా నిలబెట్టి సంతకు తోలుకొస్తే ఎంత తక్కువ పాడి గల పశువుకైనా పొదుగు నిండుగానే కనిపిస్తుంది. అందుకే పిండిన తరువాత పొదుగు చూడాలంటారు. పాలు దిగాక ముడతలు పడి మెత్తగా వేలాడితే అది పాల పొదుగు, పిండినా గట్టిగా, బరువుగానే ఉండిపోతే అది మాంసపు పొదుగు. నాలుగు చన్నులూ సమానంగా, ఎడంగా ఉన్నాయా, పొట్ట కింద పాలనరం లావుగా వంకరలు తిరిగి ఉన్నదా, దూడను విడిచిన వెంటనే చేపుతున్నదా అని చూసిన మీదట కూడా వరుసగా మూడు పూటలు ఎదుట నిలబడి పిండించుకోనిదే తెలిసినవాడు బయానా ఇవ్వడు. ఇంత అనుభవాన్ని ఒక్క మాటలో పెట్టవలసి వస్తే ఆ మాట ‘పాలు’ తప్ప మరొకటి కాలేదు.

పశువైద్యం_విశ్రాంతి:
పళ్లను అంత తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదు. పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, కింది దవడకు ఎనిమిది ఉంటాయి. గేదెలో పాలపళ్లు రాలి మొదటి జత వచ్చేసరికి సుమారు రెండున్నర నుంచి మూడేళ్లు, నాలుగు జతలూ పూర్తయ్యేసరికి ఐదారేళ్లు పడుతుంది. మన పల్లెల్లో గేదె తొలిసారి ఈనేది సాధారణంగా మూడున్నర, నాలుగేళ్లు దాటాక కనుక, పళ్లు నిండే వయసూ రెండో మూడో ఈతా ఇంచుమించు ఒకచోట కలుస్తాయి. కొనేవారికి మేలైన ఈత అదే. కొమ్ముల మీది ఉంగరాలను అరగదీసి వయసు దాచవచ్చు గాని నోట్లోని పళ్లను దాచలేరు. అయితే పాడిరైతు గారు అన్నట్టు ఇది వయసు లెక్క మాత్రమే. పళ్లు చూసి ఎద్దును కొనడం ఎంత సహజమో బర్రెను కొనడం అంత సహజం కాదన్న అభ్యంతరం నాకూ ఉన్నది.

సీమబిడ్డ:
అందరూ మొదటి సగాన్ని మరచిపోతున్నారు. తల్లిని చూచి పిల్లను ఎంచుకోవడమంటే కంటికి కనబడని గుణాన్ని వంశాన్ని బట్టి ఊహించడం. రెండో సగం కూడా అదే తర్కాన్ని అనుసరించాలి. ఈనని పడ్డకు పాలూ ఉండవు, పొదుగూ ఇంకా దిగదు. దాని తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎంత కాలం వట్టిపోకుండా ఇచ్చింది అన్నదే అప్పుడు ఆధారం. నేటికీ విత్తనపు దున్నను ఎంచేటప్పుడు ముందు అడిగేది దాని తల్లి పాల దిగుబడినే కదా. ఒక పూట పితికినవి పాలు. ఏళ్ల తరబడి ఇంట నిలిచేది పాడి. అందుచేత ‘పాడి’యే మూలమని నా నిశ్చయం.

పాడిరైతు:
వంశమే ఉద్దేశమైతే సామెతలో ‘పడ్డ’ అని ఉండాలి. ‘బర్రె’ అన్నారంటే ఈనిన పశువే.

పద్యప్రియ:
‘పాడి’కి న్యాయమనే అర్థం కూడా ఉన్నదని సీమబిడ్డ గారు గుర్తుంచుకోవాలి. ఇక ఈ చర్చలో వేమన ప్రస్తావన ఇంతవరకు రాకపోవడం నాకు వెలితిగా ఉన్నది. “పసుల వన్నె వేరు పాలెల్ల నొక్కటి” అన్న ఒక్క పాదంలో ఆయన రంగు చూసి పశువును ఎంచేవారికి సమాధానం చెప్పాడు. తెలుపు, కపిల, పుల్ల, మచ్చలు అంటూ ఒంటి రంగుకు సంతలో ధర కట్టేవారు నేటికీ ఉన్నారు.

పశువైద్యం_విశ్రాంతి:
మరి ఆయనే “గంగిగోవు పాలు గరిటెడైనను చాలు, కడివెడైననేమి ఖరము పాలు” అన్నాడు. అక్కడ పాలన్నీ ఒక్కటి కావు. ‘పసుల’ అన్న మాటను ఆవుల వరకే పరిమితం చేసుకుంటేనే రెండు పద్యాలూ పొసగుతాయి. అసలు తేల్చుకోవలసింది ఆ ‘గంగి’ సంగతి. సాధువైన ఆవు అని అందరూ చెబుతారు గాని, మెడ కింద వేలాడే గంగడోలుతో దీనికి చుట్టరికం ఉన్నదేమోనని నాకు చిరకాలంగా అనిపిస్తున్నది. ఒంగోలు జాతి ఆవుకు మూపురంతో పాటు అందం తెచ్చేది విశాలమైన ఆ గంగడోలే కదా.

సీమబిడ్డ:
గంగడోలు పోలిక చూపుకు బాగున్నా భాషకు నిలవదు. గంగరేగు, గంగరావి అన్న చెట్ల పేర్లలోనూ ‘గంగ’ ఉన్నది, వాటికి మెడ లేదు. శ్రేష్ఠమైనది అన్న అర్థమే వీటన్నిటికీ సరిపోతుంది.

పద్యప్రియ:
అయితే గంగిరెద్దులో ‘ర’ ఎక్కడ నుంచి వచ్చింది? రెండు మాటల నడుమ ‘ర’ చేరుతుందని చెప్పే రుగాగమ సూత్రం ‘పేదరాలు’లో వలె పేద మొదలైన మాటలకు ఆలు శబ్దం పరమైనప్పటిది, ఎద్దుకు వర్తించదు. ఆ ‘ర’ను వివరించకుండా ‘గంగి’కి శ్రేష్ఠమని అర్థం చెప్పి ముగించడాన్ని నేను అంగీకరించలేను.

మెట్టపొలం:
గంగిరెద్దుకు ప్రత్యేకంగా మరొక చర్చ తెరవవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడ నాకు కావలసింది, కోస్తాలో ‘బర్రె’ స్థానంలో ‘గేదె’ పెట్టి ఈ సామెత చెప్పేవారు ముందరి మాటను ఏమంటారన్నది. ‘పాడి చూచి గేదెను’ అన్న రూపం ఎవరైనా విన్నారా?

పాడిరైతు:
మా తెనాలి వైపు ‘పాలు చూచి గేదెను’ అనే అంటారు.

సీమబిడ్డ:
అది ‘పాడి’కి తరువాత వచ్చిన రూపమే.