పగడాలు చచ్చేది వేడికి కదా, చేపల వేటకు సంబంధమేంటి?

నీలిగవ్వ: లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016లో తెల్లబారింది నీళ్ళు వేడెక్కడం వల్లే. మరి వేట ఎక్కువైతే పగడపు దిబ్బలు పోతాయని ఎందుకంటారు? పెద్ద చేపలు పట్టుకుని పిల్లల్ని వదిలేస్తే సరిపోదా?

తూర్పుగాలి: పగడాన్ని చంపేది వేడే. చచ్చిన చోట మళ్ళీ పగడం మొలుస్తుందా, పాచి పడుతుందా అన్నది మాత్రం చాలావరకు చేపల చేతిలో ఉంటుంది. నీళ్ళలో కొట్టుకొచ్చే పగడపు పిల్లకు శుభ్రమైన గట్టి రాయి దొరకాలి. చిలుక చేపలు, సర్జన్ చేపలు పొద్దస్తమానం గీకి మేస్తేనే ఆ రాయి ఖాళీగా ఉంటుంది. అవి తగ్గితే పాచి దట్టమై, అందులో ఇసుక చేరి, పిల్ల అతుక్కోలేదు, అతుక్కున్నా ఊపిరాడక పోతుంది.

జమైకా సంగతి చూడండి. 1960ల చివరికే ఉత్తర తీరంలో చేపల రాశి 80 శాతం దాకా పడిపోయింది. అయినా దిబ్బను పాచి కమ్మలేదు, ఎందుకంటే పొడుగు ముళ్ళ నల్ల సీ అర్చిన్లు (ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవులు) ఆ మేత పని చేసేవి. అందుకే ప్రమాదం ఎవరి కంటా పడలేదు. 1980లో ఆలెన్ తుపాను పగడాల్ని విరగ్గొట్టింది. 1983లో రోగమొచ్చి అర్చిన్లు నూటికి 90కి పైగా చచ్చాయి. ఇక మేసేవాళ్ళే లేరు. 1977లో సగం పైగా పరుచుకున్న పగడం 1990ల మొదట్లో 5 శాతం లోపుకు దిగింది. పాచి 90 శాతం దాటింది.

వలకన్ను: పెద్దవి పట్టుకుని పిల్లల్ని వదలడం ఇక్కడ పనికిరాదండీ. పెద్ద చిలుక చేప ముక్కు రాయి లోపలికి దిగుతుంది, చిన్నది పైపైన గీకుతుంది. పైగా చాలా రకాల్లో ఆడవే పెరిగి మగవవుతాయి, పెద్దవాటిని తీసేస్తే మగవే కరువు. కొన్ని రకాలు రాత్రి బంక సంచి అల్లుకుని కదలకుండా పడుకుంటాయి. టార్చి, ఈటె ఉంటే చాలు, ఒక్క రాత్రిలో దిబ్బ ఖాళీ. ముందు ఆపాల్సింది రాత్రి ఈటె వేట.

నీలిగవ్వ: అంటే వేట ఆపితే దిబ్బ బతుకుతుందా?

తూర్పుగాలి: తెల్లబారడం ఆగదు. వేడి నీళ్ళు వేట నిషేధ ప్రాంతం హద్దు చూసి ఆగవు. తేడా వచ్చేది కోలుకోవడంలో. ఆస్ట్రేలియా పడమట దూరంగా ఉన్న స్కాట్ రీఫ్ 1998లో పగడాల్లో ఎక్కువ భాగం పోగొట్టుకుంది. వేట ఒత్తిడి, తీరం నుంచి వచ్చే బురద తక్కువ కాబట్టి సుమారు 12 ఏళ్ళలో తేరుకుంది. లక్షద్వీప్ వేట చాలాకాలం గాలపు కర్రలతో బయటి సముద్రంలో ట్యూనా మీదే సాగడం ఆ దిబ్బల అదృష్టం. ఆ వేట దిబ్బ చేపల మీదికి మళ్ళకుండా చూడాలి.

వలకన్ను: బెలీజ్ 2009లో చిలుక చేపల వేటే నిషేధించింది. అంత వీలుకాని చోట చేపలు పట్టే తీగ బుట్టల తయారీ మార్చాలి. మూలల్లో 2.5 సెంటీమీటర్ల వెడల్పు నిలువు సందు పెడితే పిల్లలు, పలచటి సీతాకోక చేపలు బయటపడతాయి, అమ్ముడుపోయే లావు చేపలు మిగులుతాయి. బుట్టకు ఒక పక్క పలకను నూలు తాడుతో కట్టాలి. బుట్ట తప్పిపోతే నీళ్ళలో తాడు కుళ్ళి ఆ పలక ఊడుతుంది, చేపలు బయటపడతాయి. నైలాన్‌తో కడితే ఎవరూ ఎత్తని బుట్ట చేపల్ని చంపుతూనే ఉంటుంది.