అప్‌డేట్: హనుమకొండ రౌటర్ సాయంత్రాలు కుదేలవడం ఆగింది

రోజూ సాయంత్రం ఏడు దాటగానే మా పాత రౌటర్ సీపీయూ 95 శాతానికి ఎక్కుతోందని, కాజీపేట వైపు కస్టమర్లకు నెట్ నత్తనడక నడుస్తోందని ఇంతకుముందు అడిగాను. టీక్యామ్ (రూట్లను, అంటే ఏ నెట్‌వర్క్‌కు ఏ దారో చెప్పే వివరాలను, రౌటర్ దాచుకునే ప్రత్యేక మెమరీ) నిండిందేమో చూడమన్న అన్నకు చాలా థాంక్స్. అదే అసలు కారణం.

మా రౌటర్ కార్డు టీక్యామ్‌లో ఉన్నవి సుమారు 10 లక్షల గళ్లు. ఇంటర్నెట్ మొత్తమ్మీద ఐపీవీ4 (పాత అడ్రస్ పద్ధతి) రూట్లే ఇప్పుడు సుమారు 10 లక్షలు ఉన్నాయి. ఐపీవీ6 (కొత్త అడ్రస్ పద్ధతి) రూట్లు 2 లక్షలు దాటాయి, పైగా ఒక్కోటి రెండు గళ్లు తింటుంది. ఇక పట్టేదెక్కడ? పట్టని రూట్ల ప్యాకెట్లన్నీ సీపీయూ మీద పడ్డాయి. 2014 ఆగస్టు 12న ప్రపంచమంతటా చాలా రౌటర్లు 5,12,000 రూట్ల హద్దు దగ్గర ఇలాగే తడబడ్డాయి.

మాకు ఇంటర్నెట్ ఇచ్చే రెండు అప్‌స్ట్రీమ్ కంపెనీల నుంచీ ఫుల్ టేబుల్ (మొత్తం ఇంటర్నెట్ రూట్ల జాబితా) తీసుకోవడం మానేశాం. ఇద్దరి దగ్గరా డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ పంపే దారి), వాళ్ల సొంత రూట్లు, వాళ్ల కస్టమర్ల రూట్లు మాత్రమే తీసుకుంటున్నాం. ఒక మాట గుర్తుంచుకోండి: రూట్లు తగ్గించినా రౌటర్ వెంటనే తేరుకోలేదు. ఒకసారి నిండితే మా మోడల్‌కు రీలోడ్ (ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం) తప్పదు. రాత్రి రెండు గంటలకు చేశాం, అది మళ్లీ లేచేదాకా ఒకటే టెన్షన్.

నాలుగు రోజులుగా సీపీయూ 12 శాతం దాటలేదు. దూరపు నెట్‌వర్క్‌లకు ఏ లింక్ దగ్గరి దారో ఇప్పుడు రౌటర్‌కు తెలియదు, ఆ లోటు మాత్రం ఉంది. కొత్త రౌటర్‌కు డబ్బు సమకూరేదాకా ఇలాగే నడుపుతాం.