పాత చెక్క ఫ్లోర్ బిళ్లల అడుగున తారు ఎలా వదిలించారు?

లెస్టర్_గోదారోడు:
మేం కొన్న ఇల్లు 1950ల నాటిది. కార్పెట్ లేపితే హాలంతా ఓక్ చెక్క బిళ్లలు, చేపముల్లు డిజైన్‌లో. ఒక్కోటి 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు. సగానికి పైగా వదులై, నడిస్తే టకటకమంటున్నాయి. మళ్లీ పరుద్దామని మూడొందల చిల్లర ఊడదీశాను. అడుగున నల్లటి తారు. హీట్ గన్ పెడితే లేత పాకంలా సాగి ఉలికీ, చేతులకీ, చివరికి మా ఆవిడ కొత్త డోర్‌మ్యాట్‌కీ అంటుకుంది. సాండర్ (చెక్క అరగదీసే మెషిన్) పెట్టాను, రెండు నిమిషాల్లో ఉప్పుకాగితం జిడ్డు పట్టేసింది. ఎవరైనా చేశారా?

చలిదేశం:
అన్నా, ముందు ఆ సాండర్ పక్కన పెట్టు. ఆ కాలపు తారు జిగురు కొన్నిట్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. చిన్న ముక్క ల్యాబ్‌కి పంపు. అప్పటిదాకా గీకొద్దు, దుమ్ము ఊడవొద్దు, తడిగుడ్డతో తుడువు. మా దాంట్లో లేదని తేలాకే నేను మొదలుపెట్టాను.

ఇక పద్ధతి అంటావా, వేడి కాదు, చలి. బిళ్లల్ని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టు. పొద్దునకి తారు పల్లీపట్టీలా పెళుసెక్కుతుంది. ఐదారు మాత్రమే బయటికి తియ్యి, ఆలస్యమైతే మళ్లీ మెత్తబడుతుంది. ఉలి పడుకోబెట్టి తొయ్యాలి. నిలబెట్టావో, చెక్క పొర కూడా లేచిపోతుంది.

రీడింగ్_కొత్తిల్లు:
నేను వైట్ స్పిరిట్‌తో (పెయింట్ పల్చన చేసే ద్రవం) తుడిచాను. తారు కరిగింది, నిజమే. కరిగి చెక్క లోపలికి దిగింది! వారం రోజులు ఇల్లంతా వాసన. వద్దు.

వడ్రంగి_మనవడు:
మాది రాజమండ్రి. నేను చూసిన టేకు పలకలు ఫెవికాల్‌తో అంటించినవి. దానికి తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెడితే మెత్తబడుతుంది, అప్పుడు గీకాలి. తడిసినవాటిని నీడలో, పైన బరువు పెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే దొప్పల్లా వంగుతాయి.

తారైనా, ఫెవికాలైనా అడుగు అద్దంలా చేయాలని కూర్చోకండి. గాడీ నాలుకా (ఒక బిళ్ల అంచు పక్క బిళ్లలో దూరి కూర్చునే చోటు) శుభ్రంగా ఉండాలి, అసలు పని అక్కడే. గాడిలో ఆవగింజంత మిగిలినా బిళ్ల కూర్చోదు, నాలుగు వరసలు పోయేసరికి డిజైన్ మొత్తం పక్కకి జరుగుతుంది.

లెస్టర్_గోదారోడు:
నెల తర్వాత వస్తున్నా. రిపోర్ట్‌లో ఆస్బెస్టాస్ లేదు, టెన్షన్ తీరింది. ఫ్రీజర్ దెబ్బకి తారు పెచ్చులు పెచ్చులుగా ఎగిరింది, కళ్లజోడు పెట్టుకోవడం మంచిదైంది. గంటకి ఇరవై బిళ్లలు, అంతే. గాడిలోకి పాత స్క్రూడ్రైవర్ సరిపోయింది. పల్చటి మరక ఉంచేశాను, కాకపోతే కొత్త జిగురు తారు మీద పట్టుకుంటుందని డబ్బా మీద ఉందో లేదో చూసి కొన్నాను. చెక్క ఉబ్బితే చోటుండాలని గోడ వెంట 10 మి.మీ. ఖాళీ వదిలాను.

ఇంకా నలభై ఉన్నాయి. ఐస్‌క్రీమ్‌కి చోటెప్పుడని పిల్లలు రోజూ అడుగుతున్నారు.