ముందు పళ్ల కాంపోజిట్ పచ్చబడితే తప్పు టీదా, లైటుదా?

గుంటూరు డెంటిస్ట్:
ముందు పళ్లకి కాంపోజిట్ (రెజిన్, గాజు పొడి కలిపిన పంటి రంగు ఫిల్లింగ్) వేయించుకున్నవాళ్లు కొన్నాళ్లకి రంగు మారిందని వస్తే మనలో చాలామంది మొదట అడిగేది "టీ ఎక్కువ తాగుతారా?" అనే. ఆ ఒక్క ప్రశ్నతో తప్పంతా పేషెంట్ మీదకి పోతుంది. నాకిది అస్సలు నచ్చదు. వేసిన రోజు దాన్ని గట్టిపరిచే మన లైటు సరిగ్గా పడిందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి.

బెజవాడ ఎండోడాంటిస్ట్:
నేను ఒప్పుకోనండి. బాగా క్యూర్ అయిన (లైటుతో గట్టిపడిన) కాంపోజిట్‌ని కాఫీలో నానబెట్టినా రంగు పడుతుంది, మన కూరల్లో పసుపు సంగతి చెప్పక్కర్లేదు. దానికి తోడు చిగుళ్ల కోసం కొన్నాళ్లకి రాసిచ్చిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ని నెలల తరబడి వాడేవాళ్లున్నారు, దాంతో గోధుమ రంగు మరకలు వస్తాయి. సిగరెట్ సరేసరి. ఇవన్నీ వదిలేసి లైటునే పట్టుకుంటే ఎలా?

గుంటూరు డెంటిస్ట్:
సర్, మరక పడదని నేను అనలేదు. పైన పడిన మరక వేరు, లోపల మారిన రంగు వేరు. పాలిష్ చేసి చూడండి, పోతే పైదే. సరిగ్గా క్యూర్ చేసినా మోనోమర్‌లోని (గట్టిపడక ముందున్న రెజిన్‌లోని) డబుల్ బాండ్లు సుమారు 50 నుంచి 75 శాతమే ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడతాయి, లైటు తక్కువ పడితే మిగిలేది ఇంకా ఎక్కువ. అలా సగం గట్టిపడిన రెజిన్, అందులోనూ టెగ్‌డీఎంఏ అనే మోనోమర్ ఎక్కువున్నది, నీళ్లు బాగా పీల్చుకుంటుంది, ఆ నీళ్లతో పాటే మీరు చెప్పిన కాఫీ, పసుపూ లోపలికి దిగుతాయి. ఇంకోటి, లైటు పడగానే రెజిన్ గట్టిపడటం మొదలుపెట్టించే క్యాంఫర్‌క్వినోన్ స్వతహాగానే పచ్చగా ఉంటుంది, లైటు పడేకొద్దీ ఆ పచ్చదనం తగ్గుతుంది, సరిపడా పడకపోతే కొంత అలాగే ఉండిపోతుంది. దాంతో కలిపే అమీన్ అనే రసాయనం కాలం గడిచేకొద్దీ ఆక్సిడైజ్ అయి రంగు మారుతుంది. వీటికి పేషెంట్ ఏం చేయగలరు?

పీజీ స్టూడెంట్:
మాకు 2 మిల్లీమీటర్ల లేయర్‌కి 20 సెకన్లు అని చెప్తారు సర్. ఇప్పుడు 3 సెకన్లు చాలంటూ లైట్లు వస్తున్నాయి కదా, నమ్మొచ్చా?

గుంటూరు డెంటిస్ట్:
లెక్క వేసి చూడండి. చదరపు సెంటీమీటరుకి 1000 మిల్లీవాట్లతో 20 సెకన్లు అంటే 20 జౌల్స్. 3000 మిల్లీవాట్లు 3 సెకన్లకి 9 జౌల్సే. దానికోసమే తయారుచేసిన మెటీరియల్ అయితే సరే, మిగతావాటికి నేను ధైర్యం చేయను. పైగా ఈ అంకెలు లైటు టిప్ పంటికి ఆనించి, నిటారుగా పట్టుకున్నప్పటివి. దూరం జరిగినా, వంగినా, టిప్ మీద పాత రెజిన్ అంటుకుని ఉన్నా అందే లైటు పడిపోతుంది. బ్లీచ్ షేడ్స్ (మరీ తెల్లటి రంగులు) కొన్నింటిలో క్యాంఫర్‌క్వినోన్ లాంటి పనే చేసే టీపీఓ ఉంటుంది, దానికి 400 నానోమీటర్ల దగ్గరి వయొలెట్ కావాలి, మామూలు బ్లూ ఎల్ఈడీ 450–470 దగ్గరే ఇస్తుంది. క్లినిక్‌లో రేడియోమీటర్ (లైటు బలం కొలిచే పరికరం) లేకుండా పేషెంట్ టీ గురించి మాట్లాడొద్దనేది అందుకే.

బెజవాడ ఎండోడాంటిస్ట్:
లైటు చెక్ చేయాలన్నది కాదనను. కానీ మైలార్ స్ట్రిప్ (కాంపోజిట్ మీద ఆనించి ఆకారమిచ్చే పలుచటి ప్లాస్టిక్ పట్టీ) తీసేసి నున్నగా ఉంది కదా అని పాలిష్ చేయకుండా పంపేస్తారు చూడండి, ఆ పై పొర అంతా రెజినే, మరక ముందు పట్టేది దానికే. మీ రేడియోమీటర్ ఎంత చూపించినా అక్కడ ఉపయోగం లేదు. నా లెక్కలో ఫినిషింగే మొదటి ముద్దాయి.

హైదరాబాద్ నుంచి ఒక పేషెంట్:
మీ ఇద్దరి వాదన సరే డాక్టర్ గారూ, నా ముందు పన్ను పచ్చబడింది, కాంపోజిట్ మొత్తం తీయించి మళ్లీ వేయించుకోమన్నారు. తప్పదా?

గుంటూరు డెంటిస్ట్:
ముందు పాలిష్ చేసి చూపించమని అడగండి మేడమ్. దాంతో పోకపోతే, కింద పుచ్చు లేకుండా అంచులు బాగుంటే, పై పొర కొంత తీసి కొత్త కాంపోజిట్ వేయొచ్చు, మొత్తం తీస్తే ఎంతో కొంత మంచి పన్ను కూడా పోతుంది. షేడ్ మాత్రం పన్ను తడిగా ఉండగానే, పని మొదలుపెట్టకముందే చూడమనండి, ఆరిపోయిన పన్ను తెల్లగా కనిపించి షేడ్ తప్పుతుంది.