జన్యు సవరణ వరికి జీవభద్రత పరీక్షలు అక్కర్లేదా?

శివారు రైతు, తెనాలి:
బాపట్లలో పుట్టిన మన సాంబ మసూరిలో, అదే బీపీటీ 5204లో, ఒక జన్యువును క్రిస్పర్ పద్ధతిలో, అంటే జన్యువును ఎంచుకున్న చోటే కత్తిరించి మార్చే పద్ధతిలో, సవరించి 'కమల' అనే వరిని తయారు చేశారు. 2025 మేలో కేంద్రం దాన్ని ప్రకటించింది. బయటి జన్యువు మిగలని ఇలాంటి రకాలకు, బయటి జన్యువు చేర్చే జన్యుమార్పిడి పంటలకుండే కఠిన జీవభద్రత నిబంధనలు వర్తించవని 2022 మార్చిలోనే మినహాయింపు ఇచ్చింది. కమల ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందట. నాకు ఆ ఇరవై రోజులే ముఖ్యం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా పనలు నీళ్లలో నానాయి. మినహాయింపు సరైనదేనని నా వాదన. కాదనేవారు చెప్పండి.

వంటింటి పెద్ద, విజయవాడ:
నేను కాదంటాను. బీటీ వంకాయను 2010లో ఆపారు కదా. వంకాయ వారానికోసారి తింటాం, అన్నం రోజూ తింటాం. దీనికెందుకు ఇంత తొందర?

పాఠాల మాస్టారు, గుంటూరు:
అమ్మా, రెండూ ఒకటి కావు. బీటీ వంకాయలో పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును చేర్చారు. కమలలో బయటి జన్యువేదీ మిగల్లేదు. వెన్నులో గింజల సంఖ్యకు పగ్గం వేసే వరి సొంత జన్యువునే బలహీనపరిచారు. ముంబైలోని ట్రాంబే అణు పరిశోధన కేంద్రం రేడియేషన్‌తో గుడ్డిగా మార్పులు తెచ్చిన వేరుశనగలను దశాబ్దాలుగా తింటున్నాం, ఎవరూ అడగలేదు.

వంటింటి పెద్ద:
అడగకపోవడం మంచిదని ఎవరన్నారు మాస్టారూ? అనుకోని చోట కూడా మార్పు జరిగితే?

పాఠాల మాస్టారు:
జరగవచ్చు. జన్యుక్రమం మొత్తం చదివి చూడవచ్చు కూడా. ఆ వివరాలు అందరి ముందూ పెట్టమనడం న్యాయమే.

పత్తి బజారు, గుంటూరు:
మీరిద్దరూ కంచం వైపు చూస్తున్నారు. నేను విత్తన సంచి వైపు చూస్తున్నాను. బీటీ పత్తి 2002లో పరీక్షలు దాటుకునే వచ్చింది. పురుగుకు బీటీని తట్టుకునే నిరోధక శక్తి రాకుండా పొలం చుట్టూ వేయమని 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చారు. ఎంతమంది వేశారు? గులాబీ రంగు పురుగు ముందు గుజరాత్‌లో మొదటి తరం బీటీని తట్టుకుంది, తర్వాత రెండో తరాన్నీ జయించింది. గడ్డి మందును తట్టుకునే హెచ్‌టీ పత్తికైతే అనుమతే లేదు. అయినా 2017లో మన రాష్ట్రంలోనే పట్టుబడింది. కాగితం మీది నిబంధన పొలం దాకా రాలేదు.

ఇప్పుడు చెప్పండి, కమల గింజకూ బీపీటీ గింజకూ తేడా కంటితో పట్టేదెవరు? గిరాకీ ఉంటే బీపీటీని కమల అని అమ్ముతారు. కమల మీద అపవాదు వస్తే దాన్నే బీపీటీ అని అంటగడతారు. అందుకే సంచి ట్యాగు మీద 'జన్యు సవరణ' అని తెలుగులో అచ్చు వేయాలి. ఇంకొకటి, క్రిస్పర్ పేటెంట్లు చాలావరకు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి. ఇంటి విత్తనం దాచుకునే హక్కు 2001 చట్టం రైతుకిచ్చింది. కమలకూ అది చెల్లుతుందని రాతపూర్వకంగా చెప్పాలి. ఇవి రెండూ జరిగితే మినహాయింపుతో నాకు పేచీ లేదు.

పాఠాల మాస్టారు:
ట్యాగు సరే. కానీ ఆ మార్పు ఉందో లేదో ల్యాబు చెప్పగలదు గానీ, అది మనిషి చేసిందా, దానంతటదే వచ్చిందా అన్నది చెప్పలేదు. మోసం రుజువు చేయడం కష్టం.

పత్తి బజారు:
అందుకే కదా, విత్తనం ఎవరి నుంచి ఎవరికి చేరిందో ప్రతి మెట్టులో రశీదు కావాలంటున్నాను.

శివారు రైతు:
రశీదు సంగతి ఒప్పుకుంటాను. అయితే మంచి విత్తనం మా దాకా రావాలి కదా. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరి ఏ సవరణా లేకుండా 2008లోనే వచ్చింది. మా డీలరును అడిగితే ఆ పేరే వినలేదన్నాడు. గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారానికి వెళ్లేవారెవరైనా ఉంటే, కమల ఎండాకు తెగులును ఎంతవరకు తట్టుకుంటుందో అడిగి ఇక్కడ రాయండి.